నీళ్ల కంటే ముందు డాక్టరు

ప్రాజెక్టు కట్టకముందే దానివల్ల జరగబోయే చెరుపును అంచనా కట్టాలన్న ఆలోచన 1969 నాటి అమెరికా పర్యావరణ చట్టంతో పుట్టిందనీ, మన దేశానికి అది 1994 నోటిఫికేషన్‌తో వచ్చిందనీ రాస్తుంటారు. చట్టాల వరకూ ఆ మాట నిజమే. పని మాత్రం అంతకంటే చాలా పాతది, ఆ పాత పనిలో ముందు వరసలో ఉన్నవాడు వైద్యుడు. ఆనాటి నుంచీ జరిగినవి వరుసగా చూస్తే ఒక సంగతి పదేపదే కనిపిస్తుంది. నక్షా గీసే దశలోనే వైద్యుడు వచ్చిన చోట నక్షాయే మారింది. కట్టడం పూర్తయ్యాక వచ్చిన చోట ఆయనకు రోగులను లెక్కపెట్టే పని మాత్రమే మిగిలింది. మన దేశంలో పర్యావరణ నియమాలు పెరుగుతూ వచ్చినకొద్దీ ఆరోగ్యశాఖ కుర్చీ వెనక్కి జరిగింది. అది సరిచేయవలసిన తప్పు అని నా వాదన.

1840ల సంగతి చూడండి. పశ్చిమ యమునా కాలువ పక్కన ఉన్న కర్నాల్ కంటోన్మెంటును జ్వరాల దెబ్బకు సైన్యం ఖాళీ చేయవలసి వచ్చింది. అప్పటికే గంగా కాలువ తవ్వాలన్న పథకం సిద్ధంగా ఉంది. ఈ కాలువ కూడా అదే జ్వరం తెస్తుందా అన్న ప్రశ్న ప్రభుత్వాన్ని పట్టుకుంది. బేకర్, యూల్ అనే ఇద్దరు ఇంజనీర్లనూ, డెంప్‌స్టర్ అనే సర్జన్‌నూ కలిపి ఒక కమిటీ వేశారు. చలిజ్వరానికి దోమ కారణమని అప్పటికి ఎవరికీ తెలియదు. రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో ఆ క్రిమిని చూడటానికి ఇంకా యాభై ఏళ్లుంది. మురుగు నేలల నుంచి లేచే చెడుగాలే కారణమని అందరూ నమ్ముతున్న కాలం. డెంప్‌స్టర్ చేతిలో సాధనాలేవీ లేవు. ఊరూరా తిరిగి జనం పొట్టలు తడిమి చూశాడు. మాటిమాటికీ చలిజ్వరం వచ్చినవాళ్లకు ఎడమ డొక్కలో ప్లీహం ఉబ్బి చేతికి గట్టిగా తగులుతుంది, మన పల్లెల్లో కడుపులో బల్ల అంటారు. ఏ ఊళ్లో ఎంతమందికి బల్ల ఉందో లెక్కకట్టి, దాన్ని ఆ ఊరి నేల స్వభావంతోనూ, నీటి పారుదలతోనూ పోల్చి చూశాడు. వాననీరు సహజంగా పోయే దారికి కాలువ అడ్డుపడిన చోట బల్ల ఎక్కువ. నీరు సాఫీగా పోయే చోట, కాలువ తడి ఉన్నా తక్కువ. కారణం గురించి నమ్మకం తప్పే, లెక్క మాత్రం తప్పు కాలేదు. 1847లో కమిటీ నివేదిక ఇచ్చింది: కాలువలు సహజమైన మురుగుదారిని అడ్డుకోకూడదు, నీటిమట్టం వీలైనంత వరకూ నేలకు దిగువన ఉండాలి. గంగా కాలువ 1854లో తెరుచుకుంది. సిఫారసులన్నీ అమలు కాలేదు, ఆ కాలువ కింద కూడా జ్వరాలు తప్పలేదు. అయినా కాలువను రద్దు చేయమనకుండా ఎలా తవ్వాలో చెప్పడానికి వైద్యుడి లెక్క పనికివస్తుందని అక్కడ రుజువైంది.

ఈ ఆలోచనను నిండుగా అమలు చేసింది అమెరికాలోని టెన్నెసీ లోయ సంస్థ. 1933లో ఆ సంస్థ పుట్టేనాటికి ఆ ప్రాంతంలో దాదాపు 30 శాతం మందికి మలేరియా ఉంది. వరసగా ఆనకట్టలు కడితే దోమలకు కొత్త చెరువులు కట్టిచ్చినట్టే. అందుకని టెన్నెసీ రాష్ట్ర ఆరోగ్య కమిషనరుగా పనిచేసిన యూజీన్ బిషప్‌ను ఆ సంస్థ తన ఆరోగ్య విభాగానికి అధిపతిగా తెచ్చుకుంది. నీళ్లు నింపకముందే ఒడ్డు వెంట చెట్టూ పొదా నరికించారు. నీళ్లు నిండాక వేసవిలో జలాశయం మట్టాన్ని కొంచెం దించుతూ మళ్లీ పెంచుతూ ఉండేవారు. అంచున గడ్డి నీడలో పెరిగే దోమపిల్లలు అలా దించినప్పుడల్లా ఒట్టి నేల మీద చిక్కుకుని ఎండకు చచ్చేవి. గేట్లు ఎప్పుడు ఎత్తాలన్న నిర్ణయంలోనే రోగ నివారణ కలిసిపోయింది. 1947 నాటికి అక్కడ మలేరియా దాదాపు లేకుండా పోయింది. కిటికీలకు తెరలు, మెరుగైన ఆదాయాలు కూడా తోడయ్యాయి గనక ఘనత అంతా జలాశయానిదే అనలేం. ఆనకట్టల వల్ల రావలసిన మలేరియా రాలేదు, అది చాలు.

ఇక మన ఇంటి సంగతి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. అదే సంవత్సరం నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ (తాగునీటిలోని ఫ్లోరైడు వల్ల వచ్చే జబ్బు) మీద ఒక వైద్యుడి వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. అంతకు ముందే, 1937లో, మద్రాసు రాష్ట్రంలోని ఫ్లోరోసిస్ మీద వైద్య పరిశోధకులు వివరంగా రాశారు, వాళ్లు చూసిన ఊళ్లు నాటి నెల్లూరు జిల్లాలోవి. అంటే శంకుస్థాపన నాటికే బావి నీళ్లలో ఏముందో డాక్టర్లకు తెలుసు. ఆ తెలివి ఇంజనీరు బల్ల మీదికి చేరలేదు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కొన్నేళ్లకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరోసిస్ ఉన్న ఊళ్లలో కొత్త రూపంలో ఉన్న వైకల్యాన్ని గమనించి 1973లో లాన్సెట్‌లో ప్రకటించారు. కుర్రవాళ్లలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటాయి, మడమలు దూరంగా పడతాయి, నడక కష్టమవుతుంది. జలాశయం, కాలువల ఊట వల్ల భూగర్భ జలం పైకి వచ్చి, నేలలోని లవణాల తీరు మారి, జొన్నలో మాలిబ్డినం పెరిగి, శరీరం నుంచి రాగి ఎక్కువగా పోవడం దీనికి తోడ్పడి ఉండవచ్చని వాళ్ల ఊహ. పరిశోధన గొప్పదే. కానీ అది ఆ పిల్లల కాళ్లు వంగాక వచ్చింది.

ఫ్లోరైడు నల్లగొండ గ్రానైటు రాళ్లలోనే ఉంది, దాన్ని సాగర్ తెచ్చిపెట్టలేదు కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. సాగర్ వల్ల లక్షల ఎకరాలు పండాయి, అన్నం పుట్టింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. ఊట గురించిన ఊహను పూర్తిగా పక్కన పెట్టి చూసినా నా వాదన చెడదు. మిర్యాలగూడ వైపు పొలాలకు కృష్ణ నీళ్లు పారుతున్న కాలంలోనే, అదే జిల్లా మర్రిగూడ, మునుగోడు మెట్టల్లో జనం బోరునీళ్లే తాగారు. ఆ నీళ్లను పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి తేర్చే పద్ధతికి ప్రపంచం నల్లగొండ పేరే పెట్టుకుంది. 1955లో ఆరోగ్యాధికారి ఇంజనీరు బల్ల దగ్గర ఉండి ఉంటే అడగవలసింది ఒక్కటే: సాగునీటి కాలువతో పాటు ఈ మెట్ట ఊళ్లకు తాగునీటి గొట్టం కూడా అంచనాల్లో చేర్చండి అని. ఆనకట్ట ఖర్చులో అదెంత!

తర్వాత చట్టం వచ్చింది గదా, ఇప్పుడా సమస్య లేదనుకుందామంటే కాగితాలు ఒప్పుకోవు. 1994 నోటిఫికేషన్‌లో నిపుణుల కమిటీల కోసం చెప్పిన రంగాల్లో పర్యావరణ ఆరోగ్యం విడిగా ఉంది. 2006 సెప్టెంబరు నోటిఫికేషన్ దాని స్థానంలోకి వచ్చింది. అందులో మదింపు కమిటీ సభ్యులకు చెప్పిన రంగాలు పర్యావరణ నాణ్యత, ప్రమాద అంచనా, అడవులు, వన్యప్రాణులు, పర్యావరణ ఆర్థికశాస్త్రం వంటివి. ప్రజారోగ్యం పేరు లేదు. ప్రజాభిప్రాయ సేకరణకు కలెక్టరో, ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారో అధ్యక్షత వహిస్తారు, కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాట్లు చూస్తుంది. జిల్లా వైద్య ఆరోగ్య అధికారి రావాలన్న నియమం లేదు.

ఇంకొకరిని చేరిస్తే అనుమతులు ఇంకా ఆలస్యమవుతాయని పరిశ్రమల వాళ్లంటారు. వెనక్కి తిరిగి సరిచేయడానికి పట్టే కాలాన్ని వాళ్లు లెక్కలోకి తీసుకోరు. నల్లగొండ మెట్టలకు నది నీళ్లు చేరడానికి ఎన్ని దశాబ్దాలు పట్టిందో చూశాం. ప్రభుత్వ డాక్టర్లకు ఉన్న పనే చాలదా, వాళ్లకు కాలుష్యం గురించి ఏం తెలుసు అన్నది ఇంకా బరువైన అభ్యంతరం. నిజమే, పొగగొట్టం ఎత్తు ఎంత ఉండాలో వైద్యుడు చెప్పలేడు, చెప్పనక్కర్లేదు. డెంప్‌స్టర్‌కు కాలువ తవ్వడం వచ్చా? ఆయన దగ్గర ఊరివారీ లెక్క ఉంది, అంతే. ఇవాళ అలాంటి లెక్క ఆరోగ్యశాఖ దగ్గరే ఉంది: ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఓపీ రిజిస్టర్లు, మలేరియా రక్తపూతల ఫలితాలు, క్షయ రోగుల నమోదు, ఆశా కార్యకర్తల ఇంటింటి వివరాలు. ప్రాజెక్టు పనులు మొదలుకాకముందు మూడేళ్ల ఆ లెక్కను నివేదికలో చేర్చాలనీ, దానిపై జిల్లా వైద్య ఆరోగ్య అధికారి సంతకంతో అభిప్రాయం ఉండాలనీ, అధ్యయన పరిధిని నిర్ణయించే దశలోనే షరతు పెట్టవచ్చు. అలా చేస్తే పదేళ్ల తర్వాత ఆ ఊళ్లో దగ్గు పెరిగిందా, ఎప్పుడూ ఉన్నదేనా అన్న వాదులాటకు జవాబు ఫైల్లోనే దొరుకుతుంది.