మన స్లామ్ బుక్‌కి ముత్తాత ఎక్కడ పుట్టాడు?

పోయిన నెల నా చిన్నప్పటి ఫ్రెండ్‌కి పెళ్లి కుదిరింది. గిఫ్ట్‌గా స్క్రాప్‌బుక్ చేసిద్దామని కూర్చున్నా. రంగు కాగితాలు, గ్లిట్టర్ పెన్నులు, స్టిక్కర్లు అన్నీ తెచ్చా. ఫోన్లో ఉన్న ఫోటోలు ప్రింట్ తీయించా. నాలుగు పేజీలు అయ్యాక చెయ్యి ఆగిపోయింది. పేజీలు బాగానే వచ్చాయి, కానీ అన్నిట్లో నా రాతే, నా మాటలే. మా ఇద్దరి ఫోటోలు వందల్లో ఉన్నాయి. తన చేతిరాత మాత్రం నా దగ్గర ఒకే ఒక్క చోట ఉంది, టెన్త్ ఫేర్‌వెల్ రోజు రాయించుకున్న ఆటోగ్రాఫ్ పుస్తకంలో. దాన్ని అటక మీంచి దింపాక, అసలు ఈ అలవాటు మనకి ఎక్కడినుంచి వచ్చిందా అని వెతకడం మొదలుపెట్టా.

వెతికితే జర్మనీలో తేలా. విట్టెన్‌బర్గ్ అనే ఊరు. మార్టిన్ లూథర్ పాఠాలు చెప్పిన యూనివర్సిటీ అక్కడే. 1540ల నాటికి అక్కడి స్టూడెంట్స్‌లో ఒక పద్ధతి మొదలైంది. చదువైపోయి వెళ్లిపోయేముందు గురువుల దగ్గర, స్నేహితుల దగ్గర నాలుగు మాటలు రాయించుకుని సంతకం పెట్టించుకునేవాళ్లు. దీనికి లాటిన్‌లో పేరు 'ఆల్బమ్ అమికోరమ్', అంటే స్నేహితుల పుస్తకం. కొందరు అచ్చు పుస్తకాల మధ్యలో ఖాళీ కాగితాలు కుట్టించుకుని వాడేవాళ్లు. ఒక యూనివర్సిటీ నుంచి ఇంకో యూనివర్సిటీకి వెళ్లేటప్పుడు ఈ పుస్తకం వెంట ఉండాల్సిందే. కొత్త ఊళ్లో దిగి, 'ఫలానా పండితుడు నాకు తెలుసు' అని చెప్పుకోవడానికి అదే సాక్ష్యం. ప్రొఫైల్ లాంటిదన్నమాట. కాకపోతే నీ గురించి నువ్వు రాసుకోవడం కుదరదు. ఎదుటివాళ్లే రాయాలి.

ఇందులో కూడా షో చేసేవాళ్లు ఉన్నారులెండి. ఆగ్స్‌బర్గ్‌లో ఫిలిప్ హైన్‌హోఫర్ అని ఒకాయన. కళాఖండాల వ్యాపారి, రాజుల మధ్య రాయబారాలు కూడా నడిపేవాడు. ఆయన పుస్తకంలో చక్రవర్తి రెండో రుడాల్ఫ్ సంతకం ఉంది, డెన్మార్క్ రాజు సంతకం ఉంది. సంతకాల పక్కన సుమారు 100 బొమ్మలు. ఆ పుస్తకం పూర్తవడానికి 50 ఏళ్లు పట్టింది. 1647లో ఆయన పోయాక, దాన్ని కొనాలని డ్యూక్ ఆగస్ట్ అనే పుస్తకాల పిచ్చోడు ప్రయత్నించాడు, దొరకలేదు. చివరికి ఆ డ్యూక్ పేరు మీదే వోల్ఫెన్‌బ్యూటెల్‌లో ఉన్న లైబ్రరీ 2020లో దాన్ని కొంది. ధర 28 లక్షల యూరోలు. అప్పటి మన లెక్కలో ఇంచుమించు పాతిక కోట్లు! వింటే కళ్లు తిరుగుతాయి కానీ, నిజం చెప్పాలంటే అది స్నేహం పుస్తకం కన్నా పరపతి పుస్తకం అనిపిస్తుంది నాకు.

నన్ను పట్టుకున్న పుస్తకం వేరే ఉంది. అది అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మొదలైంది. 1833.

అప్పటికి ఆ దేశం దక్షిణ రాష్ట్రాల్లో బానిసత్వం నడుస్తోంది. ఫిలడెల్ఫియాలో మాత్రం స్వేచ్ఛగా బతుకుతున్న నల్లజాతి కుటుంబాలు చాలా ఉన్నాయి. స్వేచ్ఛ అని పేరే గానీ మర్యాద లేదు. వాళ్లు మంచి బట్టలు వేసుకున్నా, ఇంగ్లీషు చక్కగా మాట్లాడినా వెక్కిరిస్తూ కార్టూన్లు అచ్చేసి అమ్మేవాళ్లు. ఎడ్వర్డ్ క్లే అనే చిత్రకారుడు అలాంటి బొమ్మలతో ఒక సిరీసే వేశాడు, అవి బాగా అమ్ముడుపోయాయి కూడా. ఇప్పటి ట్రోల్ పేజీలు గుర్తొచ్చాయా? నాకు అవే గుర్తొచ్చాయి.

ఆ ఊళ్లోనే ఏమీ మటిల్డా కాసీ అనే నల్లజాతి యువతి ఉండేది. ఆమె దగ్గర ఒక ఆల్బమ్ ఉంది. బానిసత్వానికి వ్యతిరేకంగా ఆమెతో కలిసి పనిచేసిన స్నేహితులు అందులో రాశారు. సారా మాప్స్ డగ్లస్ అని ఒక టీచరమ్మ, నల్లజాతి ఆడపిల్లలకి బడి నడిపేది, ఆ పేజీల్లో పూలు గీసింది. చాలా నాజూకైన నీటిరంగుల పూలు. కొన్ని డ్రాయింగ్ నేర్పే పుస్తకాల్లోంచి చూసి వేసినవే. అయినా సరే, ఒక నల్లజాతి మహిళ సంతకంతో అమెరికాలో ఇప్పటికీ మిగిలి ఉన్న తొలి చిత్రాల్లో వాటిని లెక్కేస్తారు. ఊరంతా వీళ్లని బొమ్మలేసి నవ్వుతుంటే, వీళ్లు ఒకరి పుస్తకంలో ఒకరు పూలు వేసుకున్నారు. ఆ పేజీలు ఎంతసేపు చూసినా తనివి తీరలేదు నాకు.

1838 మేలో అదే ఊళ్లో బానిసత్వ వ్యతిరేకులు సభల కోసం కట్టుకున్న పెన్సిల్వేనియా హాల్ అనే పెద్ద భవనాన్ని తెరిచారు. తెల్లవాళ్లు, నల్లవాళ్లు కలిసి కూర్చుంటున్నారని అల్లరిమూక చుట్టుముట్టింది. లోపలున్న ఆడవాళ్లు బయటికి ఎలా వచ్చారో తెలుసా? తెల్లవాళ్లు, నల్లవాళ్లు చేతులు కలుపుకుని ఆ గుంపు మధ్యలోంచి నడిచొచ్చారు. ఆ రాత్రికే హాల్ తగలబెట్టేశారు. తెరిచి వారం కూడా కాలేదు.

హాల్ బూడిదైంది. పుస్తకం మాత్రం ఉంది. తర్వాత కూడా అందులో పేజీలు నిండుతూనే ఉన్నాయి. బానిసత్వం నుంచి తప్పించుకుని గొప్ప వక్తగా ఎదిగిన ఫ్రెడరిక్ డగ్లస్ కూడా రాశాడు. ఆయన రాసిందేంటంటే, ఆల్బమ్‌లో రాయడం తనకి చేతకాని పని అని! వేలమంది ముందు ఉపన్యాసాలిచ్చిన మనిషి ఒక ఫ్రెండ్ పుస్తకం ముందు తడబడ్డాడు. మనం స్లామ్ బుక్ చేతిలోకి రాగానే 'ఏం రాయాలబ్బా' అని పెన్ను కొరుకుతాం కదా, అదే. ఆ ఆల్బమ్ ఇప్పుడు ఫిలడెల్ఫియా లైబ్రరీ కంపెనీలో భద్రంగా ఉంది. 1731లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెట్టిన లైబ్రరీ అది.

తర్వాత కథ త్వరగా చెప్పేస్తా. రంగురంగుల అచ్చు బొమ్మలు షీట్లుగా అమ్మడం మొదలయ్యాక జనం రాయించుకోవడం కన్నా అతికించడం మీద పడ్డారు. రచయిత మార్క్ ట్వైన్ 1873లో, ముందే జిగురు పూసి ఉండే స్క్రాప్‌బుక్‌కి పేటెంట్ తీసుకున్నాడు. తడిపితే చాలు, అంటుకుంటుంది. ఇక ఫోటోలొచ్చాయి, చేతిరాత ఇంకా పక్కకి జరిగింది.

మన దగ్గర మాత్రం ఆటోగ్రాఫ్ పుస్తకం చాలాకాలం బతికింది. టెన్త్ అయిపోయే రోజుల్లో బడి మెట్ల మీద కూర్చుని రాసుకున్నవాళ్లు ఇది వింటున్నవాళ్లలో ఉండే ఉంటారు. 2004లో రవితేజ సినిమాకి 'నా ఆటోగ్రాఫ్' అని పేరు పెడితే ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇంతకీ నా ఫ్రెండ్ ఆ రోజు ఏం రాసిందంటే, వాళ్లింటి ల్యాండ్‌లైన్ నంబర్, కింద 'ఫోన్ చెయ్యకపోతే చంపేస్తా' అని. నేను చెయ్యలేదు. మళ్లీ మాటలు కలవడానికి మూడేళ్లు పట్టింది, అదీ ఫేస్‌బుక్‌లో.

అందుకే నేను చేసిన నాలుగు పేజీల్లో మూడు పక్కన పెట్టేశా. మంచి కార్డ్ పేపర్ ముక్కలు కత్తిరించి, మా పాత బ్యాచ్‌లో ఆరుగురికి పోస్ట్‌లో పంపా. పెన్నుతోనే రాయాలి, టైప్ చేసి పంపితే ఒప్పుకోను అని చెప్పా. సెల్లోటేప్ వద్దు, పచ్చబడిపోతుంది, ఏమైనా అతికించాలంటే ఫోటో కార్నర్లు వాడండి అని కూడా చెప్పా. ఇప్పటికి నలుగురివి వచ్చాయి. ఒకడు అచ్చం డగ్లస్‌లాగే మొదలుపెట్టాడు, 'నాకు ఇలాంటివి రాయడం రాదే' అని, వెనక్కి తిప్పి మరీ రెండు వైపులా నింపాడు. వైజాగ్‌కి, డల్లాస్‌కి పంపినవి ఇంకా రావాలి. పెళ్లి ఇరవయ్యో తారీఖు.