పెళ్లి వీడియోలో పెద్ద సెన్సర్, స్లోమోషన్ – ఒక చారిత్రక పరిశీలన

తెలుగువారి పెళ్లి తంతులో కాలానికి విశేష ప్రాధాన్యం ఉంది. సుముహూర్త వేళ వధూవరులు ఒకరి తలపై ఒకరు జీలకర్ర-బెల్లం ఉంచడం, ఆ తరువాత తలంబ్రాలు పోసుకోవడం క్షణాల్లో జరిగే ఘట్టాలు. నేటి పెళ్లి వీడియోల్లో ఆ క్షణాలు నిమిషానికి పైగా సాగగలవు. ఈ మార్పు వెనుక ఉన్న సాంకేతిక చరిత్రను, కుటుంబ జ్ఞాపకంపై దాని ప్రభావాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

స్లోమోషన్ కొత్త ఆవిష్కరణ కాదు. ఆస్ట్రియాకు చెందిన మతాచార్యుడు, భౌతికశాస్త్రజ్ఞుడు ఆగస్ట్ ముస్గర్ 1904లోనే దీనికి పేటెంట్ కోరాడు. ప్రదర్శించే వేగం కన్నా ఎక్కువ వేగంతో ఫ్రేములు చిత్రించడమే ఇందులోని సూత్రం. ఫిలిం ఖర్చు కారణంగా ఈ పద్ధతి చాలాకాలం సామాన్యుల పెళ్లిళ్లకు అందుబాటులోకి రాలేదు.

జపాన్‌లో 1976లో వెలువడిన వి.హెచ్.ఎస్. క్యాసెట్ పెళ్లి వీడియోను మధ్యతరగతి ఇళ్లకు చేర్చింది. ఆనాటి వీడియో కెమెరాల సెన్సర్లు చిన్నవి. అందువల్ల పెళ్లిపీటలతోపాటు వెనుక కూర్చున్న బంధువులు కూడా చాలావరకు స్పష్టంగానే కనిపించేవారు. ఎడిటింగులో వేగం తగ్గిస్తే, ఉన్న ఫ్రేములే పునరావృతమై కదలిక కుదుపులతో సాగేది.

2008లో వచ్చిన కేనన్ 5డి మార్క్ 2 కెమెరా 36 మి.మీ. వెడల్పు గల సెన్సర్‌తో హెచ్.డి. వీడియోను సాధ్యం చేసింది. నేపథ్యం మసకబారి ముఖం మాత్రమే స్పష్టంగా నిలిచే సినిమా తరహా దృశ్యం దానివల్ల సులభమైంది. అయితే దాని వేగం సెకనుకు 30 ఫ్రేములే. 2012లో సోనీ ప్రకటించిన ఎఫ్.ఎస్.700 పెద్ద సెన్సర్‌ను, అధిక వేగాన్ని ఒకచోట చేర్చింది. అది పూర్తి హెచ్.డి.లో సెకనుకు 240 ఫ్రేముల చొప్పున సుమారు 8 సెకన్లు చిత్రిస్తుంది. ఆ 1,920 ఫ్రేములను సెకనుకు 24 చొప్పున ప్రదర్శిస్తే 80 సెకన్ల దృశ్యం అవుతుంది. దోసిలి నుండి జారే ఒక్కొక్క తలంబ్రపు గింజ కంటికి విడిగా కనిపిస్తుంది.

ఈ సౌలభ్యానికి పరిమితులూ ఉన్నాయి. 240 ఫ్రేముల వేగంలో ఒక్కో ఫ్రేముకు వెలుతురు అందే వ్యవధి సెకనులో 240వ వంతుకు మించదు. రాత్రి ముహూర్తాలకు ఇది పెద్ద సమస్య. మన విద్యుత్ సరఫరాలో కొన్ని రకాల దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియని ఆ మినుకు స్లోమోషన్‌లో బయటపడుతుంది.

అంతకన్నా ముఖ్యమైనది ధ్వని. ఈ అధిక వేగ చిత్రణలో ధ్వని నమోదు కాదు. ఆ లోటును తరువాత జోడించిన సినిమా పాట పూరిస్తుంది. పాత క్యాసెట్లో పురోహితుని మంత్రం, గట్టిమేళం, అమ్మమ్మ హెచ్చరిక, పిల్లల అల్లరి కలగలిసి వినిపించేవి. ఇప్పుడు నేపథ్యం మసకబారడంతో బంధువుల ముఖాలు, కాలం సాగడంతో వారి మాటలు తెరమరుగయ్యాయి. వధూవరుల క్షణం దీర్ఘమైంది గాని, దానికి సాక్షులైనవారు తగ్గారు.

పెళ్లి వీడియో అలంకృత చిత్రం మాత్రమే కాదు, కుటుంబ చరిత్రకు ఆధారం కూడా. కనుక స్లోమోషన్ దృశ్యాలతోపాటు, మొత్తం తంతును సహజ వేగంలో, ధ్వనితో సహా మరొక కెమెరాతో చిత్రించి భద్రపరచడం అవసరం. రాబోయే తరాలు తలంబ్రాల అందంతో పాటు, వాటిని చూసి నవ్వినవారి గొంతులను కూడా వెతుక్కుంటాయి.