ప్రదేశం, వ్యాప్తి – ఒక గీత వెనుక చరిత్ర

మధిరలో తెలుగు పండితునిగా పనిచేస్తున్న రోజులలో, ఒకనాడు పదవ తరగతి విద్యార్థి గణిత పుస్తకం చేతబట్టుకొని నా వద్దకు వచ్చాడు. "మాస్టారూ, ప్రదేశమంటే చోటే కదా! ఈ ప్రమేయానికి ప్రదేశం కనుక్కోమన్నారు. ఏ ఊరని రాయాలి?" అని అడిగాడు. తోటివారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తప్పు పిల్లవానిది కాదు. పదం పుట్టుక చెప్పకుండా పదాన్ని మాత్రమే అతని చేతిలో పెట్టిన పెద్దలది. ఆ ప్రశ్నకు ఆనాడు నేనిచ్చిన సమాధానం అసంపూర్ణం. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకొనే ప్రయత్నం.

తర్కశాస్త్రంలో ప్రమాణం చేత తెలియదగినది ప్రమేయం. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న విడరాని సంబంధం వ్యాప్తి. ఈ రెండు పాత మాటలకూ మన గణిత పుస్తకాలు కొత్త అర్థాలిచ్చాయి. ఒక్కొక్క రాశికి ఒక్కొక్క ఫలితాన్ని మాత్రమే ముట్టజెప్పే నియమం ప్రమేయం. ఆ నియమం ఏయే రాశులను స్వీకరిస్తుందో వాటి సముదాయం ప్రదేశం. ఏయే ఫలితాలు వెలువడతాయో వాటి సముదాయం వ్యాప్తి. విచిత్రమేమంటే హిందీ గణితంలో ప్రమేయమంటే సిద్ధాంతం. మన ప్రమేయాన్ని వారు ఫలన్ అంటారు. ఒకే సంస్కృత పదం రెండు భాషలలో రెండు దారులు పట్టింది.

గీతను చూచి వీటిని చెప్పడం కష్టం కాదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో వస్తువు నీడ నేలమీద పడినట్లు, గీతలోని ప్రతి బిందువునూ నిలువుగా ఎక్స్-అక్షం మీదికి దించితే ఏర్పడే నీడయే ప్రదేశం. అడ్డంగా వై-అక్షం మీదికి జరిపితే ఏర్పడే నీడ వ్యాప్తి. గీత చివర నిండు చుక్క ఉంటే ఆ బిందువు లెక్కలోనిది, బోలు చుక్క ఉంటే కాదు. బాణపుగుర్తు ఉంటే గీత అక్కడ ఆగలేదని అర్థం. ఆ బాణం వెంట దూరదూరాలకు పోతే గీత పైకి లేస్తుందా, కిందికి దిగుతుందా, ఏదో ఒక విలువను చేరవస్తుందా అన్నదే దాని అంత్య ప్రవర్తన.

ఈ ఆలోచన మన పూర్వులకు ఉన్నదా? ఉన్నదనీ లేదనీ రెండూ చెప్పవలసి ఉంటుంది. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, సుమారు 850లో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రచించాడు. ఋణరాశి స్వభావరీత్యా ఏ రాశికీ వర్గం కాజాలదు గనుక దానికి వర్గమూలం లేదని అందులో తేల్చి చెప్పాడు. నేటి భాషలో ఇది వర్గమూల ప్రమేయపు ప్రదేశాన్ని నిర్ణయించడమే. ఆ గీత సున్న వద్ద మొదలై కుడివైపుకే సాగుతుంది. 100కు 10, 10,000కు 100 అన్నట్లు నెమ్మదిగానైనా హద్దు లేకుండా పెరుగుతుంది. ఈ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. జైన ఉదాహరణలను శైవపరంగా మార్చి సారసంగ్రహ గణితం వెలయించాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా పేరొందినది ఇదే. మన భాషకు లెక్క కొత్త కాదనడానికి ఇంతకంటె సాక్ష్యమేల?

అయితే అభిమానం సత్యాన్ని కప్పరాదు. రాశిని సున్నతో భాగిస్తే అది మార్పు లేక ఉంటుందని అదే మహావీరుడు అన్నాడు. అది పొరపాటు. అంతకుముందే 628లో బ్రహ్మగుప్తుడు అట్టి రాశిని శూన్యచ్ఛేదమని చెప్పి వదిలాడు. 12వ శతాబ్దిలో భాస్కరాచార్యుడు దానికి ఖహరమని పేరు పెట్టి, ప్రళయకాలంలో జీవులెన్ని లయమైనా మారని అచ్యుతునితో పోల్చాడు. ఉపమానం అందమైనది. కాని గీత మరొకటి చెబుతుంది. 1ని 0.1తో భాగిస్తే 10, 0.01తో భాగిస్తే 100, 0.001తో భాగిస్తే 1000. కుడివైపు నుండి సున్నను సమీపించే కొద్దీ గీత ఆకాశానికి ఎగురుతుంది. ఎడమవైపు నుండి సమీపిస్తే పాతాళానికి దిగుతుంది. రెండు వైపులా రెండు గతులు గనుక సున్న వద్ద ఒక విలువ నిలువదు. అది ప్రదేశంలో చేరదు. కడపటి దూరాలలో గీత ఎక్స్-అక్షానికి చేరువవుతూనే ఉంటుంది, తాకదు. కనుక వ్యాప్తిలోనూ సున్న లేదు.

ఇంత స్పష్టత చిత్రం వచ్చాక కలిగినదే. 1637లో డెకార్ట్ బీజగణితాన్నీ జ్యామితినీ ముడివేశాడు. 1655లో వాలిస్ అనంతానికి నేటి గుర్తునిచ్చాడు. 1837లో డిరిక్లే, సూత్రమున్నా లేకున్నా ప్రతి రాశికి ఒకే ఫలితం దక్కడమే ప్రమేయ లక్షణమని నిలబెట్టాడు. మన వద్ద విత్తనం ఉన్నది, చెట్టు మరొకచోట పెరిగింది. ఈ రెండు మాటలూ చెప్పగలిగినప్పుడే మనది చరిత్ర అవుతుంది.

ఇక మా ప్రాంతపు సంగతి. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడేవరకు మధిర తాలూకా వరంగల్ జిల్లాలోనిది, నిజాం రాజ్యంలో భాగమైనది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం గణిత పదాలు ఉర్దూలో రూపొందాయి. మా పెద్దలలో పై చదువులకు వెళ్లినవారు లెక్కను ఆ భాషలోనే నేర్చుకొన్నారు. 1968లో తెలుగు అకాడమి నెలకొన్న తరువాతనే పై తరగతులకు తెలుగు పాఠ్యగ్రంథాలు వరుసగా వచ్చాయి. అవధి, అవిచ్ఛిన్నత, అనంతస్పర్శరేఖ వంటి పదాలు విద్యార్థుల నోట నానాయి. ఉర్దూ లెక్క నేర్చిన తాత, తెలుగు లెక్క నేర్చిన కొడుకు, ఆంగ్లపు లెక్క నేర్చే మనుమడు ఒకే ఇంటిలో కూర్చొని ఒక గీతను చూస్తే ముగ్గురూ మూడు పేర్లు చెబుతారు.

గీత మాత్రం ఒకటే. పేరు మారినందుకు నాకు విచారం లేదు. పేరు వెనుక అర్థాన్ని అడిగే పిల్లవాడు కరవైతేనే విచారం. ఆనాటి విద్యార్థి ఇది చదివితే ఇదే నా జవాబు: నాయనా, ప్రదేశం ఊరే. ఆ నియమం బ్రతకగలిగిన ఊరు. ఆ ఊరి పొలిమేర ఎక్కడో కనిపెట్టడమే నిన్ను అడిగిన లెక్క.