ముప్పై దాటాక వచ్చిన బంగారం

భిలాయ్‌లో మైత్రీబాగ్ వెలిసింది 1972లో. భారత–సోవియట్ స్నేహానికి గుర్తుగా ఉక్కు కర్మాగారం ఏర్పాటు చేసిన ఆ జూపార్కుని, వేసవి సెలవుల్లో పెదనాన్నగారింటికో మేనత్తగారింటికో వెళ్లి చూసొచ్చిన తెలుగు పిల్లలకు లెక్కలేదు. ఉత్తరాంధ్ర నుంచి కొలువులకు వెళ్లి అక్కడి సెక్టార్లలో స్థిరపడ్డ కుటుంబాలు అన్ని ఉన్నాయి మరి. అదే ఏడాది సెప్టెంబర్‌లో, మ్యూనిక్ ఒలింపిక్స్‌లో, సోవియట్ బాస్కెట్‌బాల్ జట్టు ఇరవయ్యేళ్ల నాటి బాకీ ఒకటి తీర్చుకుంది. ఈ రెంటికీ నేరుగా చుట్టరికం లేదు. అయినా భిలాయ్ బాస్కెట్‌బాల్ గురించి రాయాలంటే మ్యూనిక్ నుంచే మొదలుపెట్టాలి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

1952, 1956, 1960, 1964. వరసగా నాలుగు ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టుకు దక్కింది వెండే. నాలుగుసార్లూ బంగారం పట్టుకెళ్లింది అమెరికానే. లాత్వియా అడవుల్లో చెట్లు కొట్టుకునే యానిస్ క్రూమిన్ష్ అనే 2.18 మీటర్ల ఆజానుబాహుణ్ని తెచ్చి ఆట నేర్పించారు. అతను మూడు ఒలింపిక్స్ ఆడి మూడు వెండి పతకాలతో ఇంటికెళ్లిపోయాడు. గెన్నడీ వోల్నోవ్ 1960లో ఒలింపిక్ జట్టులోకి వచ్చాడు. వెండి. 1964లో మళ్లీ వెండి. 1968లో అదీ లేదు, కంచు. యూరప్ టైటిళ్లు చాలానే గెలిచినవాడికి ఒలింపిక్ బంగారం మాత్రం అందలేదు. నాలుగో ఒలింపిక్స్‌కు మ్యూనిక్ వెళ్లేనాటికి వయసు ముప్పై రెండు.

ఫైనల్ సెప్టెంబర్ 9న రాత్రి పొద్దుపోయాక మొదలైంది. అమెరికాలో టీవీ చూసేవాళ్ల వీలు కోసం పెట్టిన వేళ అది. అప్పటిదాకా ఒలింపిక్స్‌లో అమెరికా ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. 63 ఆడి 63 గెలిచింది. ఆ రాత్రి మాత్రం సోవియట్ జట్టే ముందుంది. సెర్గేయ్ బెలోవ్ ఒక్కడే 20 పాయింట్లు చేశాడు. చివర్లో ఒక సోవియట్ పాస్ దారి తప్పింది. అమెరికా ఆటగాడు డగ్ కాలిన్స్ దాన్ని అందుకుని బుట్ట వైపు దూసుకెళ్లాడు, ఫౌల్ దెబ్బకు స్తంభం దగ్గర పడిపోయాడు. కళ్లు తిరుగుతుండగానే లేచి రెండు ఫ్రీత్రోలూ వేశాడు. 50–49. ఆ మ్యాచ్‌లో అమెరికా ముందుకు రావడం అదే మొదలు. మిగిలింది మూడు సెకన్లు.

ఆ మూడు సెకన్లను మూడుసార్లు ఆడించారు. టైమౌట్ అడిగామని సోవియట్ బెంచీ గోల చేయడంతో మొదటిసారి ఆట మధ్యలో ఆగింది. రెండోసారి గడియారం సరిచేయకుండానే బంతి విసిరించారు, హారన్ మోగింది, అమెరికన్ కుర్రాళ్లు గంతులేశారు. అంతర్జాతీయ సమాఖ్య కార్యదర్శి విలియం జోన్స్ కిందికి దిగొచ్చి మూడు సెకన్లూ మళ్లీ పెట్టించాడు. ఈసారి ఇవాన్ ఎదెష్కో బంతిని కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు విసిరాడు. అలెగ్జాండర్ బెలోవ్ గాల్లోనే పట్టుకుని, కిందికి దిగి, బుట్టలో వేశాడు. 51–50. అమెరికా అప్పీలు 3–2 ఓట్లతో వీగిపోయింది. అమెరికా ఆటగాళ్లు వెండి పతకాలు తీసుకోలేదు, ఇప్పటికీ తీసుకోలేదు. జోన్స్ చేసింది న్యాయమా అని అడిగితే, నా మటుకు నేను అమెరికా కుర్రాళ్ల కోపాన్ని తప్పుపట్టను. కానీ వోల్నోవ్ మెడలో పడింది బంగారమే.

ముప్పై రెండేళ్లవాడు ఇంకా జట్టులో ఎలా ఉన్నాడన్నది అసలు సంగతి. అమెరికా పంపింది కాలేజీ కుర్రాళ్లను. బాగా ఆడినవాడు ప్రొఫెషనల్ లీగ్‌లో చేరితే ఆనాటి నిబంధనల ప్రకారం ఒలింపిక్స్ గడప తొక్కకూడదు. వోల్నోవ్ ఆడిన సీఎస్‌కేఏ మాస్కో సైన్యం క్లబ్బు. కాగితాల మీద అమెచ్యూరే, కానీ ఇంటి ఖర్చు చూసుకునేది సర్కారు. ఆ దన్ను లేకపోతే నాలుగో ఒలింపిక్స్ దాకా ఎవరు ఆగుతారు?

ఇప్పుడు భిలాయ్‌కి వద్దాం. 1955 ఫిబ్రవరిలో ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్. దాంతోపాటే క్వార్టర్లు, బడులు, ఆసుపత్రి, ఆట స్థలాలు. ఉద్యోగం ఇచ్చిన కర్మాగారమే ఆటగాళ్లనూ పోషించింది. సెక్టార్-1 పంత్ స్టేడియం కోర్టుల్లో స్టీల్ ప్లాంట్ ఉద్యోగి రాజేష్ పటేల్ ఏళ్ల తరబడి అమ్మాయిలకు బాస్కెట్‌బాల్ నేర్పాడు. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక ఆ చిన్న రాష్ట్రం యూత్, జూనియర్ జాతీయ పోటీల్లో పెద్ద రాష్ట్రాలను వణికించిందంటే ఆ చలవ ఆయనదే. 2018లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నాడు.

జూనియర్లలో అంత బలమున్న జట్టు సీనియర్లకొచ్చేసరికి పలచబడేది. కారణం సులువే. ఇరవై దాటిన అమ్మాయికి ఉద్యోగం కావాలి. స్పోర్ట్స్ కోటాలో ఎక్కువ కొలువులిచ్చేది రైల్వే. అందులో చేరితే జాతీయ పోటీల్లో రైల్వేస్ జెర్సీ వేసుకోవాల్సిందే. ఉత్తరప్రదేశ్‌లో పుట్టి భిలాయ్‌లో ఆట నేర్చుకున్న పొడగరి పూనమ్ చతుర్వేది కూడా రైల్వేస్‌కే ఆడింది. మహిళల సీనియర్ టైటిల్ ఏళ్లుగా రైల్వేస్ గుప్పిట్లో ఉండటంలో వింతేముంది? దేశానికి పట్టాలు చేసిచ్చే ఊరు, రైల్వేకి ఆటగాళ్లనూ ఇస్తోంది.

ఆ రైల్వే జీతమే మరో పెద్ద వయసు పతకానికీ దారి వేసింది. చెన్నైకి చెందిన అనితా పాల్‌దురై దక్షిణ రైల్వే ఉద్యోగి. పంతొమ్మిదేళ్లకే భారత జట్టుకు కెప్టెన్. పెళ్లయి, బిడ్డ పుట్టాక చాలామంది ఆట మానేస్తారు, ఆమె తిరిగొచ్చింది. 2017 జూలైలో బెంగళూరు కంఠీరవ ఇండోర్ స్టేడియంలో మహిళల ఆసియా కప్ డివిజన్-బి ఫైనల్‌లో భారత్ 75–73తో కజకస్తాన్‌ను ఓడించింది. కెప్టెన్ అనిత వయసు అప్పటికి ముప్పై రెండు. సరిగ్గా వోల్నోవ్ వయసే. ఆ ఏడాదితోనే ఆమె అంతర్జాతీయ ఆటకు సెలవు చెప్పింది. 2021లో పద్మశ్రీ వచ్చింది.

ఆ వయసులో కాలు మునుపటిలా లేవదు. అందుకే గురితప్పిన బంతి కోసం ఎగరడానికి పాతకాపు తొందరపడడు. బంతి బోర్డుకు తగలకముందే ఎదుటివాడికీ బుట్టకీ మధ్య చేరి, నడుం ఆనించి, వాణ్ని వెనక్కి నెట్టి ఉంచుతాడు. కుర్రాడు రెండడుగులు ఎక్కువ ఎగిరినా చేయి అందదు. ఈ పనితనం ఒంటికి పట్టడానికి పదేళ్లు పడుతుంది. 2011లో డల్లాస్‌తో ఎన్‌బీఏ టైటిల్ గెలిచినప్పుడు జేసన్ కిడ్‌కు 38 ఏళ్లు. కోట్ల కాంట్రాక్టులున్న లీగ్ కాబట్టి అతనికి ఆ పదేళ్లూ, ఆపై మరికొన్నీ దొరికాయి.

భిలాయ్ అమ్మాయికి దొరకాల్సింది నెలనెలా ఒక జీతం. ప్లాంటులో శాశ్వత ఉద్యోగాలు ఏటేటా తగ్గుతున్నాయి, పనులు కాంట్రాక్టర్ల చేతికి పోతున్నాయి. కాంట్రాక్టరు మస్టర్‌లో స్పోర్ట్స్ కోటా ఉండదు. జూనియర్ పతకాలు ఊరికి వస్తూనే ఉండొచ్చు. ముప్పై రెండేళ్ల కెప్టెన్ కావాలంటే మాత్రం ఆమెను మధ్యలో ఓ పన్నెండేళ్లు ఎవరో ఒకరు ఉద్యోగంలో ఉంచాలి.