రన్ అంటే పరుగొక్కటేనా?

మన ఐటీ జనాలు రోజుకి ఓ యాభై సార్లైనా వాడే మాట 'రన్'. కోడ్ రన్ అయిందా, టెస్టులు రన్ చేశావా, సర్వర్ రన్ అవుతోందా.. వీటిల్లో కాళ్ళున్నది ఒక్కటీ లేదు. మనకి అలవాటైపోయి తెలీదు గానీ, మాతో కలిసి పనిచేసే చైనా టీములో ఒక కుర్రాడు ఈ మాట దగ్గరే ఇరుక్కున్నాడు. కాల్‌లో మేనేజరు "రన్ ఇట్ బై ద క్లయింట్" అన్నాడు. క్లయింటుకి ఒకసారి చూపించి సరే అనిపించుకో అని దానర్థం. ఇతగాడు బుద్ధిగా స్క్రిప్టుని క్లయింటు సర్వర్ మీద రన్ చేసేశాడు. చీవాట్లు బాగానే పడ్డాయి, పైగా 'ఇంగ్లీషు రాదు' అన్న ముద్రొకటి. నాకది అన్యాయం అనిపించింది. ఎందుకంటారా?

ఇంగ్లీషు వాళ్ళకే ఈ మాట కొరుకుడు పడలేదు మరి! శామ్యూల్ జాన్సన్ తన 1755 నిఘంటువు ముందుమాటలోనే గెట్, పుట్, సెట్, టేక్ లాంటి మాటల్ని లొంగదీయడం ఎంత కష్టమో చెప్పుకుని వాపోయాడు. ఆ జాబితాలో రన్ కూడా ఉంది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 కూర్పులో 430 అర్థాలతో 'సెట్' అన్నిటికన్నా పెద్ద మాట. తర్వాతి కూర్పు కోసం పీటర్ గిలివర్ అనే ఆయన ఒక్క రన్ మీదే దాదాపు తొమ్మిది నెలలు కూర్చున్నాడు. క్రియగా వాడే రన్‌కే 645 అర్థాలు తేలాయని 2011లో బయటికొచ్చింది. యంత్రాలు, రైళ్ళు, చివరికి కంప్యూటర్లు వచ్చి ఆ లెక్కని అలా పెంచుకుంటూ పోయాయి.

అయితే ఇవి 645 విడివిడి అర్థాలని నేననుకోను. పాత ఇంగ్లీషు నాటినుంచీ ఈ మాట వెనక ఉన్నవి రెండు బొమ్మలు: పరిగెత్తే కాళ్ళు, పారే నీళ్ళు. ముక్కు కారడం నీళ్ళ వైపు నుంచి వచ్చింది. కంపెనీ రన్ చెయ్యడమంటే ఆగకుండా సాగేలా చూడటం. 'రన్ ఇట్ బై' అన్నా ఆయన కళ్ళ ముందు నుంచి ఒకసారి పోనివ్వడమే. సరదా ఏమిటంటే, ఇంగ్లీషువాడు పరిగెత్తించే వాటిని మనం తీరిగ్గా నడిపిస్తాం. బస్సు నడుస్తుంది, కంపెనీ నడుస్తుంది, కోర్టులో కేసూ నడుస్తూనే ఉంటుంది (ఏళ్ళ తరబడి).

చైనీసులో ఇదంతా ముక్కలైపోతుంది. ప్రోగ్రామ్‌కి మాత్రం కాళ్ళ పరుగు మాటే, 'పావ్', వాడతారు. కంపెనీ నడపడానికి 'జింగ్‌యింగ్', ఎన్నికల్లో నిలబడటానికి 'జింగ్‌శ్వాన్', జనం డబ్బుల కోసం బ్యాంకు మీద పడితే 'జీద్వే'. ఒక్క మాట నేర్చుకుందామని కూర్చున్నవాడికి డజను మాటలు ఎదురైతే ఏం చేస్తాడు? ఒకటి పట్టుకుని మిగతావి వదిలేస్తాడు.

ఈ తంటా ఇప్పటిది కాదు. 1757 నుంచి 1842 దాకా పాశ్చాత్యుల ఓడలు సరుకుకి రావలసింది ఒక్క గ్వాంగ్‌జౌ రేవుకే. అక్కడి వర్తకుల కోసం 19వ శతాబ్దంలో 'ఎర్రజుట్టు వాళ్ళ భాష' అంటూ చిన్న చిన్న పుస్తకాలు అమ్మేవారు. చైనా మాట, దాని కింద ఇంగ్లీషు ఉచ్చారణ చైనా అక్షరాల్లోనే. మాటకో అర్థం, అంతే. వ్యాకరణం గొడవే లేదు. ఉన్న కొన్ని వందల మాటలతోనే టీ, పట్టు బేరాలు సాగాలి కాబట్టి వాటినే సాగదీశారు. 'బిజినెస్' వాళ్ళ నోట్లో 'పిడ్జిన్' అయింది, ఏ పనికైనా సరిపోయింది. పోర్చుగీసు వాళ్ళ 'దేవుడు' మాటలోంచి పుట్టిన 'జాస్' తగిలించి 'జాస్ పిడ్జిన్' అంటే మతం, పూజా పునస్కారం. తెల్లవాళ్ళూ దాన్నే పట్టుకుపోయి, నాకు సంబంధం లేని పని అనడానికి వాడుకున్నారు. అంటే రన్‌కి ఇంగ్లీషువాడు చేసిందే బిజినెస్‌కి వీళ్ళు చేశారు. మరి దాన్ని తప్పుడు ఇంగ్లీషని ఎగతాళి చెయ్యడం దేనికో!

ఆ తర్వాత వ్యవహారం ఎగతాళితో ఆగలేదు. 1858 తియాన్‌జిన్ ఒడంబడికలో, అర్థంలో తేడా వస్తే ఇంగ్లీషు ప్రతిదే చెల్లుతుందని రాయించుకున్నారు.  1862లో బీజింగ్‌లో తోంగ్‌వెన్ గ్వాన్ అనే బడి పెట్టి, సర్కారే తన పిల్లలకి ఇంగ్లీషు చెప్పించడం మొదలెట్టింది.

ఇంతా చేసి వాళ్ళ సొంతింట్లోనే ఇలాంటి మాట ఒకటుంది, 'డా'. అసలర్థం కొట్టడం. నీళ్ళు తోడటం, చేపలు పట్టడం, గొడుగు పట్టుకోవడం అన్నిటికీ ఇదేనా అని 11వ శతాబ్దంలోనే ఓయాంగ్ షియు అనే పండితుడు విసుక్కున్నాడు. ఎవరు విన్నారు? ఇప్పుడు ఫోన్ చెయ్యడం, ట్యాక్సీ మాట్లాడుకోవడం, తుమ్మడం కూడా అందులోకే చేరాయి. ఈత కొట్టి, ఫోన్ కొట్టి, బోరు కొట్టి, కంపు కూడా కొట్టే తెలుగువాళ్ళకి ఇది వేరే చెప్పాలా? చైనా వాళ్ళకి రన్ గురించి చెప్పాలంటే 'డా' దగ్గర్నుంచే మొదలెట్టాలని నా అభిప్రాయం. టీములో వాళ్ళకి నేనలాగే చెప్తున్నాను కూడా.

ఇంకోటి చెప్పి ఆపేస్తా. చైనీసులో తడి, నునుపు అనే అర్థాలున్న అక్షరం ఒకటుంది. లాభం అనే మాటలోనూ అదే వస్తుంది. రోమన్ లిపిలో రాస్తే ఆర్, యూ, ఎన్. అచ్చం ఇంగ్లీషు రన్‌లాగే కనిపిస్తుంది కదా, అందుకని అక్కడి కుర్రకారు దాన్ని దేశం వదిలి వెళ్ళిపోవడం అనే అర్థంలో వాడేశారు. 2022లో షాంఘై లాక్‌డౌన్‌లో జనం వారాల తరబడి ఇళ్ళల్లో చిక్కుకున్నప్పుడు ఇది ఊరూవాడా పాకింది. ఏ దేశం వీసా ఎలా తెచ్చుకోవాలో చర్చించుకోవడానికి 'రన్ శాస్త్రం' అని పేరు కూడా పెట్టుకున్నారు.