ఏ మానికతో కొలిచారు?



మొన్నామధ్య మా అమ్మాయి పేపరు చదువుతూ, "అమ్మా, ప్రజాస్వామ్యానికి దేశాలకు మార్కులు వేశారట. ఎవరు వేస్తారమ్మా? ఎలా వేస్తారు?" అని అడిగింది. పప్పుకి పోపు పెడుతున్నదాన్ని, "తర్వాత చెబుతాలే" అని తప్పించుకున్నాను. తెలిస్తేగా చెప్పడానికి! ఆ తర్వాత లైబ్రరీకి వెళ్ళి, చదువుకున్నవాళ్ళను అడిగి, కొన్ని వారాలు తంటాలు పడితే తెలిసిన సంగతులు ఇవాళ మీ ముందుంచుతున్నాను.

మన అమ్మమ్మల కాలంలో బియ్యం సోల, తవ్వ, మానికలతో కొలిచేవారు. ఇచ్చేటప్పుడు అంచుకు సమంగా చేత్తో దులిపేవారు. పుచ్చుకునేటప్పుడు గోపురంలా పోయించుకునేవారు. మానిక అదే, కొలిచే చెయ్యి వేరు. దేశాల పరిపాలనను కొలవడంలో కూడా ఈ తిరకాసు ఉన్నది.

న్యూయార్కులో 1941లో పుట్టిన ఫ్రీడమ్ హౌస్ అనే సంస్థ ఉంది. 1970ల మొదట్లో ఆ సంస్థ తరఫున రేమండ్ గాస్టిల్ అనే ఆయన ఏటా దేశాలకు అంకెలు వేయడం మొదలుపెట్టాడు. రాజకీయ హక్కులకు ఒకటి, పౌర స్వేచ్ఛలకు ఒకటి. ఒకటి నుంచి ఏడు దాకా. క్లాసులో ర్యాంకులాంటిదన్నమాట, ఒకటి వస్తే ఉత్తమం, ఏడు వస్తే అధమం. పదిహేనేళ్ళకు పైగా ఈ పనంతా చాలావరకు ఆయన ఒక్కడే చూసుకున్నాడు. ప్రపంచంలోని దేశాలన్నిటికీ ఒక్క మనిషి మార్కులు వేయడం చిత్రమే అయినా, ఆయన పట్టుకున్న సంగతులూ ఉన్నాయి. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టి, పత్రికలకు సెన్సారు బిగించి, నాయకులను జైళ్ళలో వేసినప్పుడు మన దేశాన్ని 'స్వేచ్ఛ గల దేశాల' వరుసలోంచి తీసి 'కొంతవరకే స్వేచ్ఛ' ఉన్న వరుసలో పెట్టాడు. 1977 ఎన్నికలయ్యాక మళ్ళీ పై వరుసకు తెచ్చాడు.

ఇంకొక కొలత పేరు పాలిటీ. టెడ్ గుర్ అనే అమెరికన్ పండితుడు ప్రారంభించాడు. ఇది 1800 నుంచి చరిత్రనంతా తవ్వి, ఏ దేశంలో ఏ ఏడు ఎలాంటి పాలన నడిచిందో అంకె వేస్తుంది. సౌదీ అరేబియాలాంటి నిరంకుశ రాజరికానికి మైనస్ 10. సంపూర్ణ ప్రజాస్వామ్యానికి ప్లస్ 10. అది అడిగే ప్రశ్నలు ముఖ్యంగా మూడు. పాలకుడు గద్దె ఎలా ఎక్కాడు? ఎక్కాక అతని చెయ్యి పట్టుకుని ఆపగలవాళ్ళెవరైనా ఉన్నారా? ఎదుటి పక్షాలను పోటీ చేయనిస్తున్నారా? మంచి ప్రశ్నలే, కాదనను. అయితే ఓటు ఎంతమందికి ఉంది అన్న ప్రశ్న మాత్రం అందులో లేదు!

ఆ ప్రశ్న లేకపోతే ఏమవుతుందో స్విట్జర్లాండు సంగతి చూడండి. ఆ దేశానికి పాలిటీ వాళ్ళు 1848 నుంచీ 10కి 10 వేశారు. కాని అక్కడి స్త్రీలకు దేశపు ఎన్నికల్లో ఓటు ఎప్పుడు వచ్చిందనుకున్నారు? 1971లో! మన అమ్మమ్మలు అప్పటికే నాలుగు సార్లు లోక్‌సభకు ఓట్లు వేసేశారు.

ఆలస్యానికి కారణం వినండి. అక్కడ రాజ్యాంగం మార్చాలంటే ప్రజల ఓటు అడగాలి. ప్రజలంటే మగవాళ్ళే. ఆడవాళ్ళకు ఓటు ఇద్దామా అని 1959లో అడిగితే నూటికి 67 మంది మగవాళ్ళు వద్దన్నారు. 1971 ఫిబ్రవరిలో మళ్ళీ అడిగితే నూటికి 66 మంది ఒప్పుకున్నారు. ఆపెంజెల్ ఇన్నర్‌రోడెన్ అని ఒక చిన్న రాష్ట్రం ఉంది. అక్కడ ఏటా ఏప్రిల్‌లో జనం ఊరి నడిబొడ్డున చేరి, చేతులెత్తి స్థానిక విషయాలు తీర్మానిస్తారు. మగవాళ్ళు నడుముకు కత్తి కట్టుకుని వస్తారు. ఆ కత్తే వాళ్ళ ఓటరు కార్డు. 1984లో ఎలిజబెత్ కోప్ అనే ఆవిడ స్విస్ కేంద్ర ప్రభుత్వంలో మొట్టమొదటి మహిళా మంత్రి అయింది. ఒక ఆడమనిషి దేశాన్ని ఏలే ఏడుగురిలో ఒకరు కావచ్చునుగాని, ఇన్నర్‌రోడెన్ ఇల్లాలు తన ఊరి చౌకులో చెయ్యి ఎత్తకూడదు! 1990లో మరోసారి అడిగినా మగవాళ్ళు ససేమిరా అన్నారు. ఆ నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తేగాని పని జరగలేదు. 1991 ఏప్రిల్‌లో తొలిసారిగా ఆడవాళ్ళు ఆ చౌకులో నిలబడ్డారు. కత్తులు లేవు కనుక, చేతిలో కాగితం కార్డులతో.

పాలిటీ పుస్తకంలో ఈ కథంతా జరుగుతున్నప్పుడూ 10, జరిగిపోయాకా 10.

పమేలా పాక్స్‌టన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రజ్ఞురాలు 2000లో ఒక వ్యాసం రాసి ఈ లోపాన్ని ఎత్తి చూపింది. నిర్వచనం చెప్పేటప్పుడు పెద్దవాళ్ళందరికీ ఓటుండాలంటారు. కొలిచేటప్పుడు మగవాళ్ళను చూసి సరిపెడతారు, అని. నిజమే మరి. ప్రజాస్వామ్యం అలలు అలలుగా వచ్చిందని రాసిన శామ్యూల్ హంటింగ్టన్ అంతటివాడు, పందొమ్మిదో శతాబ్దానికి సగం మంది మగవాళ్ళకు ఓటుంటే చాలని ఒప్పేసుకున్నాడు. అంటే పెద్దవాళ్ళలో పావు మంది! ఆడవాళ్ళనూ కలుపుకుంటే ఈ పట్టికలో ముందు నిలిచేది 1893లో స్త్రీలకు ఓటిచ్చిన న్యూజీలాండు.

ఫిన్లాండు పండితుడు తాతు వన్‌హానెన్ మరో దారి పట్టాడు. అభిప్రాయాలు వద్దు, లెక్కలే చాలన్నాడు. జనాభాలో నూటికి ఎందరు ఓటు వేశారు? పెద్ద పార్టీకి పోను మిగతావాళ్ళకు నూటికెన్ని ఓట్లు వచ్చాయి? రెండూ గుణించి నూరుతో భాగించమన్నాడు. మన మొదటి ఎన్నికలు, 1951-52వి, మనమే వేసి చూద్దాం. జనాభా 36 కోట్ల చిల్లర, పోలైన ఓట్లు పదిన్నర కోట్ల పైన, నూటికి 29. కాంగ్రెస్‌కు 45 శాతం పోగా మిగతావాళ్ళకు 55. లెక్క తేలేది 16. సోవియట్ రష్యాలో దాదాపు అందరూ ఓటు వేసేవారు కాని రెండో అంకె సున్నా, కనుక మొత్తం సున్నా. చక్కటి లెక్క. పిల్లలు ఎక్కువగా ఉన్న దేశానికి అంకె తగ్గిపోతుందనుకోండి, అది వేరే సంగతి.

ఆ పదహారులో కూడా కనబడనివాళ్ళు కొందరున్నారు. ఆ ఎన్నికల జాబితాలు రాసేటప్పుడు ఉత్తరాదిన చాలామంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. ఫలానా ఆయన భార్య, ఫలానా అబ్బాయి తల్లి అని రాయించారు. మొదటి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలా కుదరదన్నారు. 8 కోట్ల మంది స్త్రీ ఓటర్లలో సుమారు 28 లక్షల పేర్లు జాబితా నుంచి పోయాయి. ఆయనను తప్పు పట్టను. మనిషికో పేరు ఉండాలి. మా వీధిలో నేటికీ నన్ను పంతులుగారి కోడలనే అంటారు!

ఇప్పటి కొలతల్లో పెద్దది స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో నడిచే వి-డెమ్. వేలాది పండితులకు ప్రశ్నలు పంపి, జవాబులు పోల్చి అంకె కడతారు. ఓటు హక్కు ఎందరికి ఉందన్నది అందులో తప్పనిసరి. వాళ్ళ పటంలో స్విట్జర్లాండు గీత 1971 దగ్గర మెట్టెక్కినట్టు ఒక్కసారిగా పైకి లేస్తుంది. మా అమ్మాయికి ఆ పటం చూపిస్తే, "అయితే అమ్మా, వీళ్ళది సరైన కొలతా?" అంది.

ఇక్కడ కాస్త తడుముకున్నాను. ఈ వి-డెమ్ వారే 2021లో మన దేశాన్ని ఎన్నికలున్న నిరంకుశత్వాల వరుసలో వేశారు. అదే ఏడు ఫ్రీడమ్ హౌస్ వారు మళ్ళీ 'కొంతవరకే స్వేచ్ఛ' అన్నారు. మన ప్రభుత్వం ఈ అంచనాలు తప్పని, పక్షపాతంతో కూడినవని ఖండించింది. ఇంట్లో మావారు ఒక మాటన్నారు, మా మరిది ఇంకో మాటన్నాడు, అన్నం చల్లారిపోయింది. నేను మాత్రం అమ్మాయికి ఇలా చెప్పాను: మార్కులు నచ్చలేదని కాగితం చింపెయ్యకు, నచ్చాయని అద్దంలో పెట్టుకోకు. ఏమేం ప్రశ్నలు అడిగారో, ఎవరిని అడిగారో, ఎవరిని లెక్కలోంచి వదిలేశారో ముందు చూడు. ఆ ప్రశ్నల పట్టిక వాళ్ళు దాచిపెట్టలేదు, ఎవరైనా చదువుకోవచ్చును. తను ఇప్పుడు ఆ పని మీదే ఉంది. నాలుగో ప్రశ్న దగ్గర ఆగి నన్ను పిలుస్తోంది.

నాకిచ్చిన వ్యవధి అయిపోయింది. సెలవు.