చిగుళ్ల వ్యాధి, రుమటాయిడ్ కీళ్లవాతం: సంబంధం చరిత్ర

చిగుళ్ల వ్యాధికీ రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కూ లంకె ఉందన్న అనుమానం పాతదే. మధ్యలో పరువు పోగొట్టుకుని, ఆరు దశాబ్దాల తర్వాత ప్రయోగశాల దారిన తిరిగొచ్చింది. ఈ కీళ్లవాతం వయసుతో వచ్చే అరుగుదల కాదు. రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల పొరల మీదే దాడికి దిగడం వల్ల వస్తుంది.

1801లో తుంటి నొప్పితో ఉన్న ఒక స్త్రీకి పుచ్చిన పన్ను తీయించగానే ఆ నొప్పి పోయిందని ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్ రాశాడు. అది ఇప్పటి లెక్కన ఏ జబ్బో తేల్చడం కష్టం. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్న పేరును వైద్యుడు గారోడ్ పెట్టిందే 1859లో. 1891లో, బెర్లిన్‌లో పనిచేస్తున్న దంతవైద్యుడు మిల్లర్, నోటి సూక్ష్మక్రిములు ఒంట్లో వేరేచోట జబ్బు చేయగలవని వాదించాడు. లండన్ వైద్యుడు విలియం హంటర్ 1910లో మాంట్రియల్ ఉపన్యాసంలో బంగారు తొడుగుల కింద చీము దాస్తున్నారని దంతవైద్యులను దులిపేశాడు. ఒకచోటి క్రిములు ఒంట్లో వేరేచోట జబ్బు చేస్తాయన్న ఈ భావనను షికాగోలో ఫ్రాంక్ బిల్లింగ్స్ 'ఫోకల్ ఇన్‌ఫెక్షన్' సిద్ధాంతంగా నిలబెట్టాడు.

ఆ తర్వాత జరిగింది పళ్ల ఊచకోతే. కీళ్లు వాచినవారికి టాన్సిళ్లు కోశారు, పళ్లు పీకేశారు. అనుమానం చాలు, ఆధారం అక్కర్లేదన్నట్టు సాగింది. దీనికి తెరదించినవారిలో ముఖ్యుడు, మొదట్లో ఈ సిద్ధాంతాన్ని నమ్మిన న్యూయార్క్ వైద్యుడు రసెల్ సీసిల్. మన వైద్య విద్యార్థులు చదివే సీసిల్ పాఠ్యగ్రంథం ఆయన పేరు మీదిదే. 1938లో ఆంజివైన్‌తో కలిసి 200 మంది రోగుల వివరాలు పరిశీలించాడు. పళ్లు తీయించుకున్న 52 మందిలో 47 మందికి ఏ గుణమూ కనిపించలేదు. అంతటితో ఆ సిద్ధాంతం మూలనపడింది.

దాన్ని మళ్లీ లేపింది సిట్రులిన్. ప్రోటీన్లలోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం సిట్రులిన్‌గా మారితే, కొందరి శరీరం ఆ ప్రోటీన్‌ను పరాయిదనుకుని ప్రతిదేహాలు తయారుచేస్తుంది. రోగుల చేత చేయించే 'యాంటీ సీసీపీ' రక్తపరీక్ష వెతికేది వీటినే. చిగుళ్ల లోతు సందుల్లో పెరిగే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియాకు ఈ మార్పు చేసే సొంత ఎంజైము ఉందని 1999లో తెలిసింది. 2016లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు మరో చిగుళ్ల బ్యాక్టీరియాను పట్టుకున్నారు: దాని విషం తెల్లరక్తకణాల పొరకు చిల్లులు పెడితే, లోపలికి కాల్షియం చొరబడి, కణంలోని ఎంజైములే విచ్చలవిడిగా సిట్రులిన్ తయారుచేస్తాయి. కీళ్లలో వాపు కనిపించడానికి ఏళ్ల ముందే ఈ ప్రతిదేహాలు రక్తంలో ఉండవచ్చు కనుక, జబ్బు మొదలయ్యే చోటు కీళ్లు కాకపోవచ్చన్న వాదనకు బలం చేకూరింది. 2023లో వెలువడిన మరో అధ్యయనం, చిగుళ్ల వ్యాధి ఉన్న కీళ్లవాత రోగుల రక్తంలోకి నోటి బ్యాక్టీరియా పదేపదే చేరుతోందని చూపింది.

అయినా కారణం తేలినట్టు కాదు. పొగతాగడం, కొన్ని వంశపారంపర్య జన్యువులు రెండు జబ్బులకూ దారి తీయగలవు. వేళ్లు వంకర్లుపోయి బ్రష్ పట్టుకోలేని రోగికి చిగుళ్లు పాడవడం మామూలే కాబట్టి, సంబంధం తిరగబడి కూడా ఉండవచ్చు. గార తీయించి చిగుళ్లకు చికిత్స చేస్తే కీళ్ల వాపు తగ్గిందని కొన్ని చిన్న అధ్యయనాలు చెప్పాయి, ఫ్రాన్సులో జరిగిన ఒక పరీక్షలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందుకే నేటి వైద్యులు చిగుళ్ల చికిత్సను కీళ్ల మందులకు తోడుగానే సూచిస్తారు. గట్టిగా ఉన్న పన్నును కీళ్ల కోసం పీకమని ఇప్పుడెవరూ చెప్పరు.